పిత్తనాళ ఎండోస్కోపీ పరికరాల రూపకల్పన: గైడ్‌వైర్ చరిత్రలో సహాయకుని స్థానం

వ్యాససంగ్రహం:

ఇ.ఆర్.సి.పి. అన్న సంక్షిప్తనామంతో వ్యవహరించే పిత్తనాళ ఎండోస్కోపీకి 1968లో తొలి అడుగు పడింది. ఈ చికిత్సకు ఆధారమైన గైడ్‌వైర్, దాని చుట్టూ రూపొందిన ఉపకరణాలు సుమారు అర్ధశతాబ్ది కాలంలో ఎలా మారుతూ వచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ పరికరాల సరళీకరణ చాలావరకు శరీరం లోపలి సమస్యకు కాక, శరీరం వెలుపల ఇద్దరు మనుషుల చేతుల మధ్య ఏర్పడిన సమస్యకు సమాధానంగా వచ్చిందని, ఆ క్రమంలో సహాయకుని నైపుణ్యం సరిగా నమోదు కాకుండానే పక్కకు జరిగిందని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: ఎండోస్కోపీ, పిత్తనాళం, గైడ్‌వైర్, పొట్టి తీగ, సహాయకుడు, కర్మణి ప్రయోగం, వైద్యపరికరాల చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

పిత్తాశయంలో పుట్టిన రాయి జారి పిత్తనాళంలో అడ్డుపడితే కళ్ళు పచ్చబడతాయి, చలిజ్వరం వస్తుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. 1970వ దశకం తొలినాళ్ళ వరకు ఇందుకు పొట్ట కోసి చేసే శస్త్రచికిత్స తప్ప మరో దారి దాదాపు లేదు. నేడు హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో అదే రోగికి నోటి గుండా పంపిన గొట్టం సాయంతో రాయి తీసి, చాలా సందర్భాల్లో కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపుతున్నారు. ఈ మార్పు గురించి చెప్పేటప్పుడు మనం వైద్యుని పేరు చెబుతాం, ఆసుపత్రి పేరు చెబుతాం. పరికరం గురించి చెప్పడం అరుదు. తెలుగులో వైద్యరచన తక్కువేమీ కాదు గాని, అది ప్రధానంగా వ్యాధులను, తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించే రచన. ఒక పనిముట్టు ఎందుకు ఆ రూపంలోనే ఉన్నదన్న ప్రశ్నకు అందులో చోటు తక్కువ.

ఈ వ్యాసకర్త వైద్యశాస్త్రం చదివినవాడు కాడు. భాషాసాహిత్యాల విద్యార్థిగా ఈ విషయంలోకి వచ్చిన దారి వ్యాకరణం. ఇంగ్లీషు వైద్యపత్రికల్లో చికిత్సావిధానాన్ని వివరించే భాగమంతా సాధారణంగా కర్మణి ప్రయోగంలో నడుస్తుంది. తీగ ముందుకు తోయబడింది, కాథెటర్ వెనక్కి తీయబడింది, మరొక పరికరం ఎక్కించబడింది - ఇదీ వరుస. ఈ వాక్యాలను తెలుగులో రాయబోతే ‘బడు’ ధాతువు అడుగడుగునా అడ్డు తగులుతుంది. కర్తరి ప్రయోగంలోకి మార్చబోతే వెంటనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: తోసింది ఎవరు? తీసింది ఎవరు? ‘తోశారు’, ‘తీశారు’ అని కర్తను చెప్పకుండా తప్పించుకొనే వీలు మన భాషలోనూ ఉంది. చదివినవారు దానిని వైద్యునికి చెందిన గౌరవ బహువచనంగా అర్థం చేసుకొంటారు. అయితే ఈ చికిత్సకు సంబంధించినంతవరకు చాలాకాలం పాటు అది గౌరవ బహువచనం కాదు, నిజమైన బహువచనం. తీసినవారు ఒకరు, తోసినవారు మరొకరు. గైడ్‌వైర్ చుట్టూ జరిగిన రూపకల్పన చరిత్రను ఆ బహువచనం ఏకవచనంగా మారిన చరిత్రగా చదవవచ్చునన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

2. ఒక వాకిలి, రెండు దారులు:

కాలేయం నుండి వచ్చే పిత్తనాళం, క్లోమం నుండి వచ్చే క్లోమనాళం ఆంత్రమూలం గోడలో ఒకేచోట తెరుచుకొంటాయి. అక్కడ లోపలి వైపు చిన్న ఉబ్బు ఉంటుంది. 1720లో దానిని వర్ణించిన జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు అబ్రహాం వేటర్ పేరుతోనే అది నేటికీ ప్రసిద్ధం. ఆ వాకిలిని మూసి తెరిచే సంవరణి కండరం 1887లో దాని గురించి రాసిన ఇటలీ దేశస్థుడు రుజ్జెరో ఒడ్డీ పేరుమీద ఉంది. చికిత్సలోని కష్టమంతా ఈ నిర్మాణంలోనే ఇమిడి ఉంది. వాకిలి ఒకటే, లోపల దారులు రెండు. పిత్తనాళంలోకి పోవలసిన పరికరం క్లోమనాళంలోకి పోవచ్చు. క్లోమనాళాన్ని పదేపదే కదిలించినా, అందులోకి కాంట్రాస్ట్ ద్రవాన్ని ఒత్తిడితో ఎక్కించినా క్లోమశోథం రావచ్చు. రాయి తీయించుకోవడానికి వచ్చినవారు అంతకంటే పెద్ద జబ్బుతో మంచాన పడే ప్రమాదం అది.

చూపు లేనిదే చేయి పనిచేయదు. వంగే గాజుపోగుల కట్టలో కాంతి ప్రయాణించి బొమ్మను మోసుకురాగలదని 1954లో ‘నేచర్’ పత్రికలో చూపినవారు హెరాల్డ్ హాప్కిన్స్, పంజాబుకు చెందిన నరీందర్ సింగ్ కపానీ. 1957 నాటికి బేసిల్ హిర్షోవిట్జ్ అమెరికాలో ఆ సూత్రంతో జీర్ణాశయాన్ని చూసే గొట్టాన్ని తయారుచేయించాడు. అయితే ముందుకు చూసే గొట్టానికి వేటర్ ఉబ్బు సరిగా కనబడదు. అది పక్కగోడ మీద ఉంటుంది. 1968లో వాషింగ్టన్‌లో విలియం మెక్‌కూన్ బృందం ఎండోస్కోపుకు వెలుపల సన్నని గొట్టాన్ని జతచేసి, ఆ వాకిలిలోకి ద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీయగలిగింది. అది సాధ్యమేనని చూపడం వరకే ఆ ప్రయత్నం పరిమితం. దానిని నిత్యకృత్యంగా మార్చినది జపాన్. 1969-70 ప్రాంతంలో ఓయి ఇతారు తదితర వైద్యులు మాచిడా, ఒలింపస్ సంస్థల ఇంజనీర్లతో కలిసి పక్కకు చూసే డ్యుయోడినోస్కోపును రూపొందించారు. దాని కొసన ఎలివేటర్ అనే చిన్న మీట ఉంటుంది. గొట్టం నుండి బయటికి వచ్చే కాథెటర్‌ను పైకెత్తి ఉబ్బు వైపు తిప్పేది అదే. ఈ మీటను గుర్తుంచుకోవలసిందిగా పాఠకులకు మనవి; ఇది ఈ చరిత్రలో మరి రెండుసార్లు ఎదురవుతుంది.

1972లో లండన్ వైద్యుడు పీటర్ కాటన్ ‘గట్’ పత్రికలో రాసిన వ్యాసం శీర్షికలోనే ఇ.ఆర్.సి.పి. అన్న సంక్షిప్తరూపం కనిపిస్తుంది. అప్పటికి అది పరీక్ష మాత్రమే. 1974లో జర్మనీలోని ఎర్లాంగెన్ నుండి క్లాసెన్, డెమ్లింగ్. జపాన్‌లోని క్యోటో నుండి కవాయి బృందం వేర్వేరుగా సంవరణిని లోపలి నుండే కోసి రాయికి దారి చేయవచ్చునని ప్రకటించడంతో అది చికిత్సగా మారింది. ఎర్లాంగెన్ పరికరం ఒక విల్లు. కాథెటర్ కొసన సన్నని లోహపు తీగ బయటికి కనిపిస్తూ నారిలా ఉంటుంది. పిడి దగ్గర లాగితే కొస వంగుతుంది, విద్యుత్తు పంపితే నారి కోస్తుంది. కోయడానికి చేసిన ఈ వంపు తర్వాతి కాలంలో గురిపెట్టడానికి కూడా పనికివచ్చింది. కొసను ఎంత వంచితే పిత్తనాళం దిశ అందుతుందో పిడి పట్టినవారు నిర్ణయించాలి. ఆ పిడి సాధారణంగా వైద్యుని చేతిలో ఉండదు. ఆయన ఎడమచేయి ఎండోస్కోపు చక్రాల మీద, కుడిచేయి కాథెటర్ మీద ఉంటాయి. పిడి పట్టేది సహాయకుడే. రెండు చేతులు చాలవన్న సంగతి 1974లోనే స్పష్టమైందన్నమాట.

3. తీగ వచ్చిన దారి:

గైడ్‌వైర్ ఎండోస్కోపీ గదిలో పుట్టలేదు. దాని పుట్టుక స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా రేడియాలజీ విభాగంలో. రక్తనాళంలోకి కాథెటర్ పంపాలంటే అప్పట్లో కోసి నాళాన్ని బయటపెట్టవలసి వచ్చేది, లేదా కాథెటర్ పట్టేంత లావు సూదిని గుచ్చవలసి వచ్చేది. చేతిలో సూది, తీగ, కాథెటర్ - మూడూ ఉన్నాయి. ఏ వరుసలో వాడాలన్నదే చిక్కు. స్వెన్ ఇవార్ సెల్డింగర్ అనే యువ రేడియాలజిస్టుకు ఆ వరుస ఒక్కసారిగా తోచింది. సూది గుచ్చు, సూదిలో నుండి తీగ పంపు, సూది తీసెయ్యి, తీగ మీదుగా కాథెటర్ ఎక్కించు, తీగ తీసెయ్యి. 1953లో ‘ఆక్టా రేడియోలాజికా’లో అచ్చయిన ఈ పద్ధతి ఆయన పేరుతోనే నిలిచింది.

ఈ సూత్రం మన నేతగాళ్ళకు కొత్తది కాదు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు అచ్చులో పాత పోగుల కొసలు మిగిలేలా చూసి, వాటికి కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. వందల కన్నాల్లో మళ్ళీ పోగు దూర్చే పని తప్పుతుంది. ఒకసారి దొరికిన దారిని వదులుకోకుండా, దాని వెంట తర్వాతి వస్తువును నడిపించడమన్నదే రెండింటిలోనూ ఉన్న తెలివి. పోలిక ఇంతవరకే, సెల్డింగర్‌కు మగ్గంతో సంబంధం ఉందని ఎక్కడా లేదు.

పరిశోధక విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. ఇంతటి ఆవిష్కరణ డాక్టరేటుకు చాలినంత విషయం కాదని అక్కడి పెద్దలు భావించినట్లు చెబుతారు. సెల్డింగర్ మరో అంశం తీసుకొని 1966లో సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. ఆ అంశం, చర్మం గుండా కాలేయంలోకి సూది పంపి పిత్తనాళాలను ఎక్స్‌రేలో చూడడం. తీగను ప్రపంచానికి ఇచ్చిన మనిషి డాక్టరేటు పొందినది పిత్తనాళం మీద. ఆ రెండూ ఎండోస్కోపు లోపల కలుసుకోవడానికి మరి పదమూడేళ్ళు పట్టింది.

ఈలోగా తీగ ఒక సరుకయింది. 1963లో షికాగోలో జరిగిన రేడియాలజీ సదస్సులో ఒక చిన్న బల్ల వెనుక నిలబడి బిల్ కుక్ అనే యువకుడు టెఫ్లాన్ గొట్టాలను కరిగించి కాథెటర్లు చేసి చూపుతున్నాడు. ఆరెగన్ వైద్యుడు చార్లెస్ డాటర్ ఆ రాత్రికి అతని బ్లోటార్చిని, గొట్టాలను అరువు తీసుకొని హోటలు గదిలో పది కాథెటర్లు చేసి తెల్లవారి తెచ్చి ఇచ్చాడని వైద్యపరికరాల చరిత్రలో ప్రసిద్ధమైన కథనం. ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో కుక్ దంపతులు తమ ఇంటి పడకగదిలో 1,500 డాలర్లతో మొదలుపెట్టిన వ్యాపారంలోని తొలి సరుకులు మూడే: సూది, తీగ, కాథెటర్. అంటే సెల్డింగర్ చేతిలో ఉన్న మూడు వస్తువులే.

తీగ పిత్తనాళంలో స్థిరపడినది హాంబర్గ్‌లో. ఇండోనేషియాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన నిబ్ సోయెహేంద్ర 1979లో జర్మన్ భాషలో, 1980లో ఇంగ్లీషులో ప్రకటించిన వ్యాసాల ద్వారా పిత్తనాళంలో ప్లాస్టిక్ గొట్టాన్ని ఎండోస్కోపుతోనే అమర్చే పద్ధతి లోకానికి తెలిసింది. క్యాన్సర్ గడ్డ వల్ల నాళం మూసుకుపోయి కామెర్లతో బాధపడే రోగులకు శస్త్రచికిత్స లేకుండా ఉపశమనం దొరికింది. ఇరుకైన చోటును దాటి ఇటువంటి గొట్టం పోవాలంటే ముందుగా తీగ దాటి ఉండాలి. అప్పటినుండి ఈ చికిత్సలోని ప్రతి పరికరమూ తీగను దృష్టిలో పెట్టుకొనే రూపొందింది. కోసే కాథెటర్‌లో తొలుత ఒకే కన్నం ఉండేది. తీగ ఉంటే ద్రవం ఎక్కించడం కష్టం. తర్వాత రెండు కన్నాలు, ఆపై మూడు కన్నాలవి వచ్చాయి - ఒకటి తీగకు, ఒకటి ద్రవానికి, ఒకటి కోసే నారికి. పక్కనే విద్యుత్తు ప్రవహించే నారి ఉన్నందువల్ల గైడ్‌వైర్‌కు విద్యుత్తు సోకని పూత తప్పనిసరి అయింది.

4. నాలుగున్నర మీటర్లు:

ఒక చిన్న లెక్క చూద్దాం. ఎండోస్కోపులో నుండి పోయే కాథెటర్ పొడవు సుమారు 2 మీటర్లు. దానిని తీసి మరొకటి పంపాలి, తీగ మాత్రం నాళంలో ఉన్నచోటనే ఉండాలి. కాథెటర్ పూర్తిగా బయటికి వచ్చేదాకా దాని వెనుక కొసనుండి తీగ అందుతూనే ఉండాలి కనుక, లోపల ఉన్న పొడవుకు తోడు బయట కనీసం మరో కాథెటర్ అంత పొడవు ఉండాలి. అందుకే ఈ తీగలు 450 నుండి 480 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. లావు 0.035 అంగుళం, మిల్లీమీటరు కంటే తక్కువ. గది పైకప్పు ఎత్తును మించిన పొడవు, బియ్యపుగింజ కంటే తక్కువ లావు ఉన్న ఈ తీగ నేలను తాకకూడదు, మెలిపడకూడదు, లోపలి కొస ఒక్క సెంటీమీటరు కూడా అనవసరంగా కదలకూడదు.

ఇప్పుడు పరికరం మార్చే క్షణాన్ని చూడాలి. సీసపు కవచాలు తొడుక్కొన్న ఇద్దరు మనుషులు మసక వెలుతురులో పక్కపక్కన నిలబడి ఉంటారు. వైద్యుడు కాథెటర్‌ను ఐదు సెంటీమీటర్లు వెనక్కి లాగితే సహాయకుడు సరిగ్గా ఐదు సెంటీమీటర్లు తీగను లోనికి తోయాలి. తక్కువ తోస్తే తీగ కొస నాళం నుండి జారి బయటపడుతుంది. ఎక్కువ తోస్తే కాలేయంలోని సన్నని నాళాల్లోకి దూసుకుపోతుంది, లేదా చుట్టచుట్టుకొంటుంది. ఇద్దరి కళ్ళూ ఎక్స్‌రే తెరమీద. ఇద్దరి చేతులూ వ్యతిరేక దిశల్లో. రోకటిపోటు వేసే ఇద్దరి మధ్య ఉండే లయ వంటిది ఇక్కడా కావాలి. కాథెటర్ బయటికి వచ్చాక సహాయకుడు దానిని తీగ తోక మీదుగా తీసివేసి, కొత్త పరికరాన్ని అదే తోక మీదుగా ఎక్కిస్తాడు. ఇప్పుడు పాత్రలు తారుమారవుతాయి: వైద్యుడు తోస్తాడు, సహాయకుడు తీగను బిగువుగా లాగి పడతాడు. రాయి తీసే ఒక సాధారణ చికిత్సలో కూడా కోసే పరికరం, బెలూను, వలబుట్ట, అవసరమైతే గొట్టం - ఇన్నిసార్లు ఈ మార్పిడి జరగవచ్చు.

‘తీగ పోయింది’ అన్నమాటకు ఆ గదిలో ఉన్న అర్థం తేలికైనది కాదు. మళ్ళీ మొదటినుండి వాకిలి వెదకాలి. అప్పటికే కదిలి వాచిన ఉబ్బు మొదటిసారి కంటే కష్టపెడుతుంది. 1996లో మార్టిన్ ఫ్రీమన్ బృందం ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రకటించిన అధ్యయనంలో సంవరణి కోత జరిగిన 2,347 మందిని పరిశీలించగా 9.8 శాతం మందికి ఏదో ఒక ఉపద్రవం, 5.4 శాతం మందికి క్లోమశోథం వచ్చినట్లు తేలింది. నాళంలోకి ప్రవేశించడం కష్టమైన సందర్భాలు ఉపద్రవాలకు కారణమయ్యే అంశాల్లో ఒకటిగా నిలిచాయి. కనుక దొరికిన దారిని చేజార్చుకోకపోవడం సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

తీగ పదార్థంలో వచ్చిన మార్పులు కూడా ఈ రెండు జతల చేతులకు ఇచ్చిన జవాబులే. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ పరిశీలించిన నికెల్-టైటానియం మిశ్రమలోహం ఎంత వంచినా మడతపడకుండా తిరిగి నిటారవుతుంది. రెండు లోహాల పేర్లకూ ఆ ప్రయోగశాల పేరుకూ తొలి అక్షరాలు కలిపితే నిటినాల్. దాని మీద నీరు తగిలితే జారే పూత వేసిన తీగలను 1980వ దశకంలో జపాన్ సంస్థ టెరుమో ప్రచారంలోకి తెచ్చింది. ఇరుకు చోట్లను అవి సునాయాసంగా దాటేవి. కాని నాళంలో జారే తీగ చేతితొడుగు వేసుకొన్న వేళ్ళలోనూ జారుతుంది! సహాయకులకు ఇదొక కొత్త కష్టం. అందుకే కొస మాత్రం జారేదిగా, మిగిలిన ఒడలు బిరుసుగా ఉండే మిశ్రమ తీగలు వచ్చాయి. వాటిలో కొన్నింటి మీద ఏటవాలు చారలు వేశారు. ఒక తీగకు జీబ్రా అన్న పేరే పెట్టారు. చారలు అందానికి కాదు. ఒకే రంగు తీగ కదులుతున్నదో లేదో ఎండోస్కోపు తెరమీద తెలియదు, చారలుంటే తెలుస్తుంది. పక్కవాని చేయి ఏం చేస్తున్నదో వైద్యునికి చెప్పడానికి తీగ మీద రాసిన రాత అది.

5. పొట్టి తీగ:

రెండు జతల చేతుల సమస్యకు పరిష్కారం మళ్ళీ రక్తనాళాల వైపునుండే వచ్చింది. గుండె ధమనుల్లో బెలూను చికిత్సకు కూడా మొదట పొడవాటి తీగలే వాడేవారు. 1980వ దశకంలో జర్మన్ హృద్రోగవైద్యుడు టాసిలో బాన్‌త్సెల్, కాథెటర్ మొత్తం పొడవునా తీగ ఉండనవసరం లేదని, కొసన కొద్ది భాగంలో ఉంటే చాలునని చూపాడు. తీగ మిగతా పొడవంతా కాథెటర్ పక్కనే నడుస్తుంది. కాథెటర్‌ను లాగేటప్పుడు తీగను స్వయంగా వైద్యుడే పట్టుకోవచ్చు. చివరి కొద్ది భాగానికి మాత్రమే ‘తీగ మీదుగా’ తీయడం అవసరమవుతుంది.

2007లో అమెరికా జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘం పొట్టి తీగ పరికరాల మీద సమీక్ష ప్రకటించే నాటికి పిత్తనాళానికి ఇటువంటి వ్యవస్థలు మూడు విపణిలో ఉన్నాయి. బోస్టన్ సైంటిఫిక్ వారి ఆర్.ఎక్స్. వ్యవస్థలో కాథెటర్ పొడవునా ఒక పక్క తెరిచిన కాలువ ఉంటుంది. తీగను అందులోనుండి చిక్కుడుకాయ ఈనె తీసినట్లు ఒలిచి, ఎండోస్కోపు ముఖద్వారం వద్ద అమర్చిన తాళంలో బిగిస్తారు. తీగ పొడవు 260 సెంటీమీటర్లకు తగ్గిపోయింది. కుక్ వారి ఫ్యూజన్ వ్యవస్థలో కాథెటర్ కొసనుండి 6 సెంటీమీటర్ల దూరంలో పక్కకు ఒక కన్నం ఉంటుంది. తీగ నాళం లోపలే కాథెటర్ నుండి విడిపోతుంది. ఒకే తీగను ఉంచి రెండు మూడు గొట్టాలు వరుసగా అమర్చవచ్చు. ఒలింపస్ వారు కాథెటర్‌ను కాక ఎండోస్కోపునే మార్చారు. ఇంతకుముందు చెప్పుకొన్న ఎలివేటర్ మీట మీద వి ఆకారపు గాడి చెక్కారు. మీట ఎత్తితే తీగ ఆ గాడిలో బిగుసుకుంటుంది. వైద్యుని ఎడమ బొటనవేలి కదలికతో, ఇంకొకరు పట్టవలసిన తీగ లోపలే కట్టుబడుతుంది.

మూడింటిలో ఫ్యూజన్ కన్నం ఈ వ్యాసకర్తకు అన్నింటికంటే పొదుపైన ఆలోచనగా కనిపిస్తుంది: కొత్తగా చేర్చినది ఏమీ లేదు, ఒక రంధ్రం తప్ప. ఒలింపస్ గాడి అన్నింటికంటే సూటిగా అసలు ఉద్దేశాన్ని చెబుతుంది: సహాయకుని వేళ్ళ పనిని లోహానికి అప్పగించడం. ఒక సంస్థ తాళం, మరొక సంస్థ కాథెటర్ అన్నివేళలా పొసగవు కనుక ఆసుపత్రులు ఏదో ఒక పక్షం వహించవలసి వచ్చిందన్నది ఈ సరళీకరణలో అంతగా చెప్పుకోని సంగతి.

అదే కాలంలో పిత్తనాళం లోపలికి కెమెరా పంపే పద్ధతిలో కూడా ఇదే దిశ కనిపిస్తుంది. పాత పద్ధతిలో పెద్ద ఎండోస్కోపులో నుండి చిన్న ఎండోస్కోపును పంపేవారు. తల్లి, బిడ్డ అని వాటికి పేర్లు. తల్లిని ఒక వైద్యుడు, బిడ్డను ఇంకో వైద్యుడు పట్టుకోవాలి. 2007 ప్రాంతంలో వచ్చిన స్పైగ్లాస్ పరికరాన్ని ఒక్కరే నడపవచ్చు. ‘ఒక్కరే నడిపేది’ అన్నమాట దాని వర్ణనలో భాగమయింది.

6. కన్ను, వేలు:

ఇంతవరకు చెప్పినది తీగను నిలబెట్టుకోవడం గురించి. తీగతోనే వాకిలి తెరవడం మరొక ఘట్టం. కాథెటర్‌ను ఆనించి ద్రవం ఎక్కించి దారి వెదకడం పాత పద్ధతి. ద్రవానికి బదులు మెత్తని కొస గల తీగనే ముందు పంపి దారి తెలుసుకోవడం కొత్తది. 2004లో ఇటలీకి చెందిన లెల్లా బృందం 400 మందిపై చేసిన యాదృచ్ఛిక అధ్యయనంలో తీగ పద్ధతికి చెందిన వర్గంలో ఒక్కరికి కూడా క్లోమశోథం రాలేదు. 2012లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 3,450 మంది పాల్గొన్న 12 అధ్యయనాలను కలిపి చూసి, తీగ పద్ధతిలో ఆ ప్రమాదం దాదాపు సగమని లెక్కకట్టింది.

ఇక్కడ పాత ప్రశ్న మరింత పదునుగా తిరిగివచ్చింది. వాకిట్లోకి తీగను తోస్తున్నది ఎవరు? పొడవాటి తీగ అయితే తోసేది సహాయకుడు. తీగ కొస మెత్తగా పోతున్నదా, ఏదైనా తగిలి ఆగుతున్నదా అన్నది అతని వేళ్ళకు తెలుస్తుంది. ఉబ్బు ఏ కోణంలో ఉన్నదో, కాథెటర్ ఎటు తిరిగి ఉన్నదో వైద్యుని కంటికి తెలుస్తుంది. స్పర్శ ఒకరిది, చూపు మరొకరిది. ఆ రెండింటినీ మాట కలపాలి. ‘ఆగింది’ అని సహాయకుడు చెప్పే లోపల తీగ మరికొంత పోయి ఉండవచ్చు. అనుభవం గల జంట మధ్య మాట అవసరం లేకుండానే పని జరిగిపోతుంది. జంట మారితే జరగదు.

అమెరికాలో జేమ్స్ బక్స్‌బామ్ బృందం 2016లో ప్రకటించిన యాదృచ్ఛిక అధ్యయనం సరిగ్గా దీనినే పరీక్షించింది. కొందరు రోగులకు తీగను వైద్యుడే నడపగా, కొందరికి సహాయకుడు నడిపాడు. వైద్యుడు నడిపిన వర్గంలో క్లోమశోథం తక్కువగా కనబడడంతో అనుకొన్న సంఖ్య పూర్తికాకముందే అధ్యయనాన్ని నిలిపివేశారు. నిలిపివేసిన అధ్యయనం ఒక్కటే అన్నింటినీ తేల్చదు. అయినా దాని దిశను కాదనలేం. సహాయకుని నైపుణ్యం మరుగునపడిందని బాధపడే చరిత్రకారునికి ఈ ఫలితం అంత సౌకర్యంగా ఉండదు. ఈ వ్యాసకర్తకూ లేదు. రోగి వైపు నుండి చూస్తే స్పర్శ, చూపు ఒకే మనిషిలో కలవడం మేలే.

అయితే ఆ అధ్యయనం నుండే మరొక సంగతి తెలుస్తుంది. 1979 నుండి మూడు దశాబ్దాలకు పైగా ఫలితాలను ప్రభావితం చేయగల చేయి ఒకటి ఆ గదిలో ఉన్నది. అంతకుముందు అచ్చయిన వ్యాసాల్లో వైద్యుని అనుభవాన్ని వారానికి ఎన్ని చికిత్సలు చేస్తారన్న సంఖ్యతో కొలిచారు; ఫ్రీమన్ అధ్యయనం అలా కొలిచి, తక్కువ చికిత్సలు చేసేచోట ఉపద్రవాలు ఎక్కువని చూపింది. తీగ పట్టినవారి అనుభవం అరుదుగా తప్ప చరరాశిగా లెక్కలోకి రాలేదు. కర్మణి ప్రయోగంలో కర్త లోపించడం ఇక్కడ శైలి సమస్యగా మిగలలేదు, దత్తాంశంలో లోపమయింది. సహాయకుడు గణనలోకి వచ్చే సమయానికి, అతడు అవసరం లేదని నిరూపించే అధ్యయనంలో ఒక వర్గంగా వచ్చాడు.

తెలుగునేల మీద ఈ చికిత్స గురించి చెప్పుకొనేటప్పుడు హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీని, దాని స్థాపకుడు డి. నాగేశ్వర్ రెడ్డిని తలచుకోవడం సహజం. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు. వైద్యుల శిక్షణ, వారి కృషి గురించి రాయడానికి ఆధారాలు ఎన్నో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ గదుల్లో రోజంతా తీగ పట్టే టెక్నీషియన్లు ఆ పని ఎవరి దగ్గర నేర్చుకొన్నారు, తమలో తాము ఏ మాటలతో దానిని వ్యవహరిస్తారు, జారే తీగను జారకుండా పట్టడానికి వేళ్ళ మధ్య తడిగుడ్డ ఎలా ఇరికిస్తారు అన్నవి రాతలోకి ఎక్కని విషయాలు. మౌఖిక చరిత్ర మీద పనిచేసే పరిశోధకులకు ఇది దగ్గరలోనే ఉన్న క్షేత్రం. పొడవాటి తీగ ఇంకా పూర్తిగా పోలేదు కనుక ఆ మనుషులు ఇంకా పనిలోనే ఉన్నారు.

7. కడిగే గది:

పైన రెండుసార్లు ప్రస్తావించిన ఎలివేటర్ మీట మూడవసారి వార్తల్లోకి వచ్చినది 2015లో. మందులకు లొంగని సూక్ష్మక్రిములు డ్యుయోడినోస్కోపుల ద్వారా ఒక రోగినుండి మరొక రోగికి సోకిన ఉదంతాలు బయటపడడంతో ఆ ఏడాది ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. పరికరాన్ని సూచనల ప్రకారం కడిగినా మీట చుట్టూ ఉన్న సందుల్లో క్రిములు మిగలవచ్చునన్నది దాని సారాంశం. లోపల చేయి చేసే పనిని లోహానికి ఎంతగా అప్పగిస్తే, ఆ లోహంలో అంతగా సందులు, కీళ్ళు ఏర్పడతాయి. తర్వాత ఊడదీసి పారేసే కొసమూతలు, 2019 చివరలో ఒకసారి వాడి పారవేసే డ్యుయోడినోస్కోపు అనుమతి పొందాయి. భారతదేశం సహా అనేక దేశాల్లో ఖరీదు కారణంగా, ఒకసారికే అని ముద్రించిన తీగలను, కాథెటర్లను శుద్ధిచేసి మళ్ళీ వాడే ఆచారం ఉండగా, ఎండోస్కోపునే పారవేయడం ఇక్కడ ఎంతవరకు సాధ్యమో ఊహించవచ్చు.

తీగ దగ్గర పని తగ్గిన సహాయకునికి కడిగే గదిలో పని పెరిగింది. మీటను పూర్తిగా ఎత్తి ఒకసారి, దించి ఒకసారి, సందుసందునా సన్నని కుంచెతో తోమాలి, కాలువలన్నింటిలో ద్రవం పంపాలి, గాలితో ఆరబెట్టాలి. తయారీ సంస్థలు ఇందుకోసం ఇచ్చే పుస్తకాల భాష వైద్యపత్రికల భాషకు పూర్తిగా భిన్నం. అందులో కర్మణి ప్రయోగం తక్కువ. వాక్యాలన్నీ విధ్యర్థకంలో, నేరుగా ఒక మనిషిని ఉద్దేశించి ఉంటాయి: మీటను ఎత్తండి, తోమండి, మళ్ళీ దించండి, తోమండి, భూతద్దంతో చూడండి.